నేపుల్స్ మ్యూజియంలో ‘రహస్య గది’ని ముందే చూసేయండి

ఇటలీలోని నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు కింది అంతస్తులో ఫర్నేసే వంశంవాళ్ళు సేకరించిన పాలరాతి విగ్రహాల దగ్గరే రెండు గంటలు గడిపేస్తారు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన రోమన్ పట్టణాలు పాంపేయి, హెర్క్యులేనియంల శృంగార కళ ఉన్న ‘గబినెత్తో సెగ్రేతో’కి, అంటే రహస్య గదికి, చేరేసరికి కాళ్ళు పీకుతుంటాయి, చిన్న గదుల్లో గ్రూపులు నిండి ఉంటాయి.

అందుకే వరస మార్చండి. మ్యూజియం 9కి తెరుస్తారు, 8:45కల్లా క్యూలో ఉండండి. టికెట్ కౌంటర్లోనే “ఈరోజు గబినెత్తో తెరిచారా?” అని అడిగి, నేరుగా మొజాయిక్‌ల అంతస్తుకి ఎక్కండి. గబినెత్తో దాని పక్కనే ఉంటుంది. 40 నిమిషాలు చాలు.

చిరుగంటలు వేలాడే కంచు పురుషాంగ బొమ్మల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. అవి బూతు బొమ్మలు కావు, మన గుమ్మాల్లో దిష్టిబొమ్మ చేసే పనే ఆ కాలపు రోమన్లకి అవి చేసేవి. అద్దాల్లోంచి ఫొటో తీయాలంటే ముదురు రంగు చొక్కా వేసుకుని, ఫ్లాష్ ఆపి, ఫోన్ కాస్త పక్కకి వంచండి. తెల్ల చొక్కా వేసుకుంటే ఫొటోలో మీరే కనిపిస్తారు.

మంగళవారం మాత్రం ఈ ప్లాన్ పనిచేయదు, ఆరోజు మ్యూజియానికి సెలవు. 14 ఏళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళతోనే ఈ రహస్య గదిలోకి వెళ్ళాలి.