గ్రేడింగ్‌కు పంపే కార్డుకు ఏ హోల్డర్ తగినది?

సేకరించి దాచుకునే ట్రేడింగ్ కార్డును గ్రేడింగ్‌కు, అంటే దాని స్థితిని పరిశీలించి గ్రేడు ఇచ్చే సంస్థకు, పంపేటప్పుడు చాలామంది తమ వద్ద ఉన్న హోల్డర్లలో అన్నిటికంటే గట్టిదాన్ని ఎంచుకుంటారు. దారిలో దెబ్బ తగలకూడదన్న జాగ్రత్త మంచిదే గాని, అవతల ఎవరో ఆ కార్డును బయటికి తీయవలసి ఉంటుందన్న సంగతిని వారు మరచిపోతారు. గ్రేడర్లు ప్రధానంగా మూలలను, అంచులను, ఉపరితలాన్ని, బొమ్మ నలువైపులా సమానమైన అంచుతో పడిందా లేదా అన్నదాన్ని పరిశీలిస్తారు. వీటిలో మొదటి మూడూ ప్రయాణంలోనే కాక కార్డును హోల్డర్‌లో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కూడా చెడిపోవచ్చు. అందుచేత కార్డు ఎంత భద్రంగా ఉంటుందో చూసినంత శ్రద్ధగా, ఎంత సులువుగా బయటికి వస్తుందో కూడా చూడాలి.

ఈ రెండు అవసరాలనూ బాగా తీర్చేది సెమీ రిజిడ్ హోల్డర్. పలుచని, కొద్దిగా వంగే రెండు ప్లాస్టిక్ పొరల మధ్య కార్డు కదలకుండా నిలుస్తుంది. తీయవలసినప్పుడు పక్కలను మెల్లగా నొక్కితే నోరు తెరుచుకుని, కార్డు రాపిడి లేకుండా జారి వస్తుంది. కార్డులకు గ్రేడు ఇచ్చే పీఎస్‌ఏ సంస్థ కూడా కార్డ్ సేవర్ 1 వంటి సెమీ రిజిడ్ హోల్డర్లలోనే కార్డులు పంపమని సూచిస్తుంది. సాధారణ కార్డు కొలత రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు కాగా, ఈ హోల్డర్ అంతకంటే కొంత పెద్దది కాబట్టి స్లీవ్ (పలుచని ప్లాస్టిక్ తొడుగు) వేసిన కార్డు కూడా ఇరుకు లేకుండా ఇముడుతుంది.

గట్టి ప్లాస్టిక్‌తో చేసిన టాప్‌లోడర్ ఇంట్లో దాచుకోవడానికి చక్కనిది. అయితే దాని గోడలు వంగవు గనుక కార్డును తలకిందులు చేసి తట్టవలసి వస్తుంది, లేదా స్లీవ్‌ను పట్టుకుని లాగవలసి వస్తుంది. ఆటగాడి జెర్సీ ముక్క పొదిగిన మందమైన కార్డులకు మాత్రం ఇది తప్పనిసరి కావచ్చు. కార్డుల మందాన్ని పాయింట్లలో కొలుస్తారు; ఒక పాయింట్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మామూలు టాప్‌లోడర్ 35 పాయింట్లది, మందమైన కార్డుల కోసం 55, 75, 100, 130, 180 పాయింట్లవి కూడా దొరుకుతాయి. కార్డును ఇరుకైనదాంట్లోకి బలవంతంగా తోస్తే అంచులు నలుగుతాయి, మరీ వదులైనదాంట్లో ఉంచితే లోపల కదిలి మూలలు తగులుతాయి. అయస్కాంతపు మూత ఉన్న హోల్డర్లు ప్రదర్శనకు అందంగా ఉన్నా, బరువు, మందం ఎక్కువ కావడం వల్ల గ్రేడింగ్ పార్శిల్‌కు తగవు. మరలతో బిగించే పాత రకం హోల్డర్లు కార్డును అదిమి చదును చేస్తాయి గనుక వాటిని పూర్తిగా దూరంగా ఉంచడమే ఉత్తమమని నా అభిప్రాయం.

హోల్డర్ ఏదైనా, ముందుగా పెన్నీ స్లీవ్ అనే మెత్తని పలుచని తొడుగు వేయాలి. ఇక్కడ పొదుపు వద్దు. వాడిన స్లీవ్‌లో చిక్కుకున్న ధూళి కణం మెరిసే ఉపరితలంపై గీత పెట్టగలదు, ఆ గీత గ్రేడర్ దీపం కింద స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి ప్రతి కార్డుకూ కొత్త స్లీవ్ తీసుకోండి. అది పీవీసీ లేని, ఆమ్లరహితమైన పాలీప్రొపిలీన్‌తో చేసినదై ఉండాలి.

చేతులు కడిగి పూర్తిగా ఆరనిచ్చి, కార్డును అంచుల దగ్గరే పట్టుకుని, స్లీవ్ నోటిని కాస్త విప్పి లోపలికి జారనివ్వండి. మూలలు నోటి అంచుకు తగిలే ప్రమాదం ఇక్కడే ఎక్కువ గనుక తొందరపడవద్దు. తరువాత స్లీవ్ పైభాగంలో, కార్డును తాకకుండా, స్టికీ నోటు నుంచి కత్తిరించిన చిన్న పట్టీని అంటిస్తే, గ్రేడర్ దాన్ని పట్టుకుని కార్డును తేలికగా పైకి లాగగలడు. హోల్డర్ నోటిని సెల్లో టేపుతో మూయకండి. దాన్ని ఊడదీసేటప్పుడు జిగురు కార్డుకు అంటుకునే అవకాశం ఉంది.

హోల్డర్లన్నిటినీ దరఖాస్తులో రాసిన వరుసలోనే పేర్చి, వాటికంటే కొంచెం పెద్దవైన రెండు అట్టముక్కల మధ్య ఉంచి, వంగనంత బిగువుగా మాత్రమే రబ్బరు బ్యాండు వేసి, పెట్టెలో ఖాళీ మిగలకుండా చుట్టూ మెత్తని కాగితం కూరండి. సంస్థల నిబంధనలు ఒకేలా ఉండవు, మారుతూ కూడా ఉంటాయి కాబట్టి, హోల్డర్లు కొనకముందే మీరు పంపబోయే సంస్థ తాజా సూచనలను చదవండి.