ఎల్పీనా, డిజిటలా? ముందు తంబూరను వినండి

ఒకే గానం ఎల్పీగా, అంటే సూదితో వినే పాత పెద్ద రికార్డుగా, డిజిటల్‌గా, అంటే సీడీగానో ఫోనులోనో, రెండు రూపాల్లోనూ చేతిలో ఉంటేనే పోలిక మొదలుపెట్టండి. ఎల్పీలో ఒక విద్వాంసుడిని, ఫోనులో మరొకరిని విని తీర్పు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. తిరుపతిలో కచేరీలకు వయొలిన్ వాయించే నాకు నాన్నగారు వదిలి వెళ్లిన ఆస్తి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ‘బాలాజీ పంచరత్నమాల’. 1980లో వచ్చిన అయిదు ఎల్పీలు. వాటి సీడీలూ నా దగ్గర ఉన్నాయి.

ముందుగా రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని గుడ్డతో తుడవండి. బోరు నీళ్లు వద్దు, ఆరాక గాడుల్లో ఉప్పు మిగులుతుంది.

తర్వాత శ్రుతి. సీడీలో తంబూర షడ్జమాన్ని (‘స’ను) ఫోనులోని ట్యూనర్‌తో, అంటే శ్రుతి చూపే యాప్‌తో, చూసి, ఎల్పీలోనూ అదే వచ్చేదాకా పళ్లెం వేగాన్ని సరిచేయండి. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం వందకు ఒక వంతు వేగంగా తిరిగినా శ్రుతి అర్ధస్వరంలో ఆరో వంతు పైకి పోతుంది. రికార్డు రంధ్రం నడిమధ్యన లేకపోతే మరీ కష్టం. చుట్టుకొకసారి, అంటే 1.8 సెకన్లకొకసారి, నిలిపిన స్వరం ఊగుతుంది. గాయని వేయని గమకాన్ని యంత్రం వేస్తుందన్నమాట! ఈ దోషం సీడీలో ఉండదు.

రెండింటి శబ్దస్థాయినీ సమానం చేయండి. కాస్త గట్టిగా వినిపించేదే చెవికి మేలుగా తోస్తుంది. మా ఇంట్లో అమ్మాయి మారుస్తుంటే, ఏది మోగుతోందో తెలియకుండా నేను వెనక్కి తిరిగి కూర్చుంటాను.

ఎల్పీ చివరి పాటతో పోల్చకండి. అంచున సూది కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే, లోపలి చుట్లలో 20 చిల్లరే జరుగుతుంది. తారస్థాయి స్వరాలు అక్కడ గరగరలాడతాయి.

సీడీ సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటుంది. వాటి మధ్య సంగీతం జారిపోతుందన్న మాట నిజం కాదు. 20 కిలోహెర్ట్జ్ దాకా, అంటే మనిషి చెవికి అందే మేరకు, తరంగం పూర్తిగా తిరిగి వస్తుంది. అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య సీడీ 96 డెసిబెల్స్ దాకా పట్టగలదు. మంచి ఎల్పీకి 70 దగ్గరే హద్దు. విన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వడంలో డిజిటల్‌దే పైచేయి అని నా చెవి కూడా ఒప్పుకుంది.

అయితే ఒక పాత వయొలిన్ కచేరీ సీడీ నన్ను ఏడిపించింది. గీతల చప్పుడు తుడిచేస్తూ తంబూర ఝంకారాన్నీ తుడిచేశారు. తంబూర తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) మీద, తీగ కింద నూలుపోగు దూర్చి తెప్పించే ఆ జీవం అదే కచేరీ ఎల్పీలో చిటపటల నడుమ పదిలంగా ఉంది. అందుకే ఆలాపనకు ముందున్న పది సెకన్ల తంబూరను రెండింట్లోనూ వినండి. అక్కడ ఓడిన ప్రతిని, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా, పక్కన పెట్టండి.

అలా గెలిచిన ఎల్పీని మీరే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ చాలు. ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా దాచండి. తక్కువ బిట్‌రేటు ఎంపీ3 చేస్తే మృదంగం దెబ్బ పదును పోతుంది. పని అయ్యాక రికార్డును నిలువుగా, ఎండ పడని బీరువాలో పెట్టండి. కిటికీ పక్కన పెట్టిన రికార్డు ఒకటి నాకు ఒక్క మే నెలలోనే వంగిపోయింది.