‘ఇంక్రీజ్డ్’ తరువాత ‘బై’ ఎప్పుడు, ‘టు’ ఎప్పుడు?
అద్దె పెంపు గురించో, జీతం పెంపు గురించో ఇంగ్లీషులో ఉత్తరం రాసేటప్పుడు ‘ఇంక్రీజ్డ్’ తరువాత ఏ మాట రాయాలన్న దగ్గర చాలామందికి కలం ఆగిపోతుంది. పెరిగిన తేడాను చెప్పడానికి ‘బై’, పెరిగాక చేరిన మొత్తాన్ని చెప్పడానికి ‘టు’ వాడాలి. అద్దె 8,000 నుంచి 10,000 రూపాయలైతే ‘ఇంక్రీజ్డ్ బై 2,000’ అని గాని, ‘ఇంక్రీజ్డ్ టు 10,000’ అని గాని రాయవచ్చు. ‘బై 10,000’ అని రాస్తే మాత్రం అద్దె 18,000 అయిందని అర్థం వస్తుంది కనుక, పాత అంకెను కూడా ‘ఫ్రమ్ 8,000’ అని చేర్చడమే అన్నిటికన్నా క్షేమం.

వడ్డీ రేట్ల విషయంలో ఇంతటితో సరిపోదు. 8 శాతం కాస్తా 10 శాతమైతే ‘బై 2 పర్సెంట్’ అనకుండా ‘బై 2 పర్సెంటేజ్ పాయింట్స్’ (అంటే పాత, కొత్త శాతాల మధ్య తేడా) అని రాయాలి, ఎందుకంటే 8లో 2 శాతమంటే 0.16 మాత్రమే.