ఎండాక నీడలు బూడిదరంగుకి తిరిగాయా? రంగు కలపకండి, ఆగండి

సమస్య: సగంలో ఆపిన ఆయిల్ పెయింటింగ్‌ని వారం పది రోజుల తర్వాత మళ్ళీ ఈజిల్ ఎక్కిస్తే జుట్టు, మెడ కింద నీడ, వెనక గోడ పాలిపోయి కనిపిస్తాయి. వేసిన రోజు నిగనిగలాడిన రంగులే. "తప్పు కలిపాను" అనుకుని అందరూ పాలెట్ దగ్గరికి పరిగెడతారు.

ముందు లైటు చూడండి. పగలు వేసిన బొమ్మని రాత్రి ట్యూబ్‌లైటు కింద చూసి కంగారుపడేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. కిటికీ దగ్గర పెట్టి, పక్కనుంచి ఏటవాలుగా చూడండి. కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల మట్టిలా మసక ఉంటే దొంగ దొరికినట్టే.

అసలు కారణం: పైపొరలోని నూనెని కింది పొర పీల్చేసింది. టర్పెంటైన్ (రంగుని పలచన చేసే ద్రావకం) ధారాళంగా పోసి పలచన చేసిన పొరలు, రెడీమేడ్ కాన్వాస్ మీది గెస్సో (రంగుకి ముందే పూసే తెల్లపూత) బాగా పీలుస్తాయి. రంగుల్లో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, ఐవరీ బ్లాక్ అనే నలుపు ఎక్కువగా ఏడిపిస్తాయి. రంగు ఎక్కడికీ పోలేదు, పైన నూనె లేక వెలిసినట్టు కనిపిస్తోంది, అంతే. ఎండిన గులకరాయిని నీళ్ళలో ముంచితే రంగు తేలినట్టు, నూనె తగిలితే ఇదీ తేలుతుంది.

ఇది చూడకుండా ఆ పాలిపోయిన రంగుకి సరిపోయేలా కొత్త రంగు కలిపారనుకోండి, ఇవాళ బాగానే అతుకుతుంది. చివర్లో వార్నిష్ పడగానే పాత నీడ నల్లగా లోతుకి దిగిపోతుంది, మీరు దిద్దిన ముక్క మాత్రం అతుకేసినట్టు తేలుతుంది. అప్పటికి బొమ్మ ఫ్రేము దాకా వచ్చేసి ఉంటుంది.

పరీక్ష: పొర వేలికి అంటనంతగా ఆరాక, మసకబారినచోట ఒక్క చుక్క లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) వేలితో రాయండి. రంగు తిరిగొస్తే మీరు కలిపిన రంగు సరైనదే.

పరిష్కారం: ఆర్టిస్టుల లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్ సమంగా కలిపి, పోగులు రాలని గుడ్డతో ఆ చోట పలచగా రాయండి. రెండు నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవడం మానితే తర్వాత పసుపెక్కుతుంది, పైన వేసే పెయింటూ జారుతుంది. హార్డ్‌వేర్ షాపు బాయిల్డ్ ఆయిల్ వద్దు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే నిప్పంటుకుని మండొచ్చు. విడిగా పరిచి ఆరబెట్టండి.

నూనె రాసినా రంగు రాకపోతే నిజంగానే తప్పు కలిపారు, దిద్దుకోండి. పైన తెల్లటి పొడిలా తేలితే తేమ లేదా బూజు. అరుదు, పొడిగుడ్డతో పోతుందేమో చూడండి.