పూల్ ఖాళీ చేసే ముందు పక్కవాళ్ల బావిలోకి తొంగి చూడండి

మొంథా తుపాను తీరం దాటింది ఆంధ్రలో. మునిగింది మాత్రం మా వరంగల్. 2025 అక్టోబర్ 29న హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజులోనే 41 సెంటీమీటర్ల వాన కురిసింది. హనుమకొండ శివారులో మాకు అరెకరం తోట ఉంది. అందులో పిల్లలు ముచ్చట పడ్డారని కట్టించిన చిన్న పూల్. రెండు రోజులకు దారి దొరికి వెళ్లేసరికి తోటలో నీళ్లు తీశాయి గానీ, పూల్ మాత్రం చిక్కటి చాయ్ రంగులో నిండుగా ఉంది. పైన పత్తి కట్టె, థర్మకోల్ ముక్కలు, ఎవరిదో ఒక చెప్పు.

అది చూడగానే నాకొచ్చిన ఆలోచనే ఎవరికైనా వస్తుంది. ముందు ఈ మురికంతా తోడి పారేయాలి. డీజిల్ ఇంజన్ అద్దెకు తెచ్చి పైపు వేశాను. నీళ్లు సగానికి దిగాయి. పక్క చేను తాత గట్టు మీద నిలబడి కాసేపు చూసి, "నా బావిల నీళ్లు సూసినవా బిడ్డా?" అన్నాడు. వెళ్లి చూశాను. మామూలు రోజుల్లో ఇరవై అడుగుల లోతున ఉండే నీళ్లు ఆ రోజు వంగి చెంబుతో ముంచుకునేలా ఉన్నాయి. "నీ తొట్టి కింద గూడ గవే నీళ్లు. ఇంజన్ బంద్ పెట్టు" అన్నాడు. నేను తిరిగి వచ్చేలోపే అడుగున "టప్" మని ఒక శబ్దం. ఇంజన్ ఆపేశాను. మర్నాటికి నీళ్లు కొంచెం తేటపడ్డాక చూస్తే లోతు వైపు నేల మీద రెండడుగుల పగులు, దాని మీద ఐదారు టైల్స్ లేచి ఉన్నాయి. వరద చేయని నష్టం నేనే రెండు గంటల్లో చేసుకున్నాను.

జరిగింది ఇది. మాది 26 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. పట్టేది 43 వేల లీటర్లు, అంటే 43 టన్నుల బరువు. ఆ బరువే తొట్టిని నేలలో అదిమి ఉంచుతుంది. చుట్టూ భూమి నానిపోయి, ఊట పూల్ అడుగు కంటే మూడడుగులు పైకి వచ్చిందనుకోండి, ఆ నీళ్లు నేలను కింది నుంచి 28 టన్నులకు పైగా బలంతో పైకి తంతాయి. పూర్తి లోడుతో ఉన్న పది టైర్ల లారీ బరువంత. పైన నీళ్లుంటే రెండూ సరిపోతాయి. తీసేస్తే తొట్టి పడవలా లేవడానికి చూస్తుంది. కాంక్రీటుదైతే పగులుతుంది. ఫైబర్ పూల్ తేలిక కాబట్టి ఏకంగా ఒక పక్కకు ఎత్తుకుంటుంది.

కాబట్టి మురికి నీళ్లని అసహ్యపడకండి. ఆ సమయానికి అవే మీ పూల్‌కు కాపలా. దగ్గర్లో బావి ఉంటే రోజూ నీటిమట్టం చూడండి. బావి లేకపోతే పూల్‌కు నాలుగడుగుల దూరంలో, పూల్ అంత లోతు వరకు, చిల్లులు పెట్టిన నాలుగంగుళాల పీవీసీ పైపు నిలువుగా దింపించుకోండి. వానలు మొదలవకముందే చేయించుకోవాల్సిన పని ఇది. తాడుకు రాయి కట్టి వదిలితే ఊట ఎంత పైన ఉందో తెలిసిపోతుంది. అది పూల్ అడుగు కంటే కిందికి దిగేదాకా పూర్తిగా తోడే మాటే వద్దు. చెల్క, మొరం నేలల్లో నీళ్లు కొంచెం తొందరగా దిగుతాయి. నల్లరేగడి అయితే వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. పైగా మన దగ్గరవన్నీ గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు అలుగు పోస్తున్నన్ని రోజులు దిగువన ఊట తగ్గదు. కొత్తగా పూల్ కట్టించుకుంటున్నవాళ్లు మాత్రం అడుగున ఊట ఒత్తిడిని లోపలికి వదిలే వాల్వు పెడుతున్నారా అని మేస్త్రీని గట్టిగా అడగండి. మాకు లేదు.

తోడటం వాయిదా పడ్డాక రెండో భయం కరెంటు. నిజానికి వరుసలో ఇదే మొదటిది, మనుషులు పోయేది దీని వల్లే. మెయిన్ ఆపేశాం కదా అంటారు. ఇన్వర్టర్ సంగతేంటి? పైకప్పు మీద సోలార్ ప్లేట్లుంటే ఎండ ఉన్నంతసేపు వాటి వైర్లలో కరెంటు ఉన్నట్టే. మెయిన్ బోర్డు దాకా నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే అసలు వెళ్లకండి. కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి లైన్ బంద్ చేయించండి. స్తంభం దగ్గర సప్లై ఆగిందని లైన్‌మన్ చెప్పాకే అడుగు పెట్టండి.

మునిగిన మోటర్‌ను "ఒకసారి ఆన్ చేసి చూద్దాం, తిరుగుతుందేమో" అనే కోరిక అందరికీ ఉంటుంది. ఆ ఒక్కసారికే వైండింగ్ కాలిపోతుంది. విప్పి వైండింగ్ షాపుకు తీసుకెళ్లండి. వ్యవసాయ మోటర్లు బాగుచేసే ఏ షాపులోనైనా ఆరబెట్టి, వార్నిష్ కొట్టి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూస్తారు. 500 వోల్టుల మెగ్గర్ మీద కనీసం ఒక మెగా ఓమ్ అన్నా చూపించకపోతే బిగించొద్దు. బేరింగులు, సీలు ఎలాగూ మార్చాల్సిందే, వాటిలో బురద పోతుంది. స్టార్టర్ డబ్బా, కెపాసిటర్ తుడిచి వాడటం పొదుపు కాదు, మార్చేయండి. పూల్ లైన్‌కు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కోసేసే స్విచ్) లేకపోతే ఈ ఖర్చుల్లోనే అదీ పెట్టించండి. నీళ్లలోపలి లైట్లు 12 వోల్టులవేనా అన్నది బిగించినవాళ్ల మాట మీద కాదు, ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా మీద చదివి తెలుసుకోండి.

మోటర్ కోసం దిగే గుంత గురించి ఒక మాట. చాలా ఇళ్లలో పూల్ మోటర్, ఫిల్టర్ నేల కింద ఇనుప మూత ఉన్న గదిలో ఉంటాయి. బురద, ఆకులు కుళ్లిన నీళ్లు నాలుగు రోజులు నిలిస్తే అక్కడ గాలి విషమవుతుంది. బావుల్లో పూడిక తీయడానికి ఒకరు దిగి పడిపోతే, తీయబోయిన ఇంకొకరూ పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. మూత తీసి గంటలకొద్దీ వదిలేయండి, ఫ్యానుతో గాలి కొట్టండి, దిగే మనిషి నడుముకు తాడు, పైన ఇద్దరు ఉండాలి. లోపల మనిషి పడిపోతే పైవాళ్లు తాడు లాగాలే తప్ప వెంట దిగకూడదు. డీజిల్ ఇంజన్‌ను ఆ గుంతలోకి దింపి నడిపితే పొగే ప్రాణం తీస్తుంది. వాసన వచ్చాక బయటికొస్తాంలే అనుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పాములు సరేసరి. నీళ్ల అంచున చెత్త పట్టే స్కిమ్మర్ డబ్బా వాటికి గూడు లాంటిది. మా దాంట్లో నీరుకట్టె కనిపించింది, విషం లేనిదే, కానీ మూత తీసిన నా చెయ్యి మాత్రం సాయంత్రం దాకా వణికింది. కర్రతో మూత లేపండి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకోండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం మానేసి, ఆ కాలు కదలకుండా ఉంచి 108 పిలవండి.

పూల్ చుట్టూ పరిచిన బండల మీద నడిచేటప్పుడూ జాగ్రత్త. పైకి బాగానే కనిపిస్తాయి, కింద మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. గడ్డపార మొనతో కాదు, పార చెక్క పిడితో తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ముగ్గుతో గుర్తు పెట్టండి. టైల్స్‌కూ ఇదే పరీక్ష. ఏ పగులు పాతది, ఏది కొత్తది అని తేల్చడానికి పాత ఫోటోలు ఉంటే మంచిది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మా తోటలోనూ నేల కదిలింది, ఆ టెన్షన్‌లో గోడలన్నీ ఫోన్లో ఫోటో తీసి పెట్టాను. ఏడాది తర్వాత అవే అక్కరకొచ్చాయి. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే కడగకముందే ఫోటోలు తీయడం మరచిపోవద్దు.

ఇక నీళ్లు. పక్కన సెప్టిక్ ట్యాంకు పొంగి అది కూడా కలిసిందని తెలిస్తే ఆ నీళ్లు మార్చాల్సిందే. ఊట దిగాక, ఒకేసారి కాకుండా మూడో వంతు తీసి, మంచినీళ్లు నింపి, మళ్లీ మూడో వంతు తీస్తూ మార్చండి. ఒట్టి బురదే అయితే పటిక చాలు. మా అమ్మమ్మ వాగు నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేది, తెల్లారేసరికి బురదంతా కింద, తేట పైన. ఇక్కడా అదే సూత్రం. ముందు జాలి వలతో ఆకులు, చెత్త తీసేయాలి. ఆపై వెయ్యి లీటర్లకు 30 నుంచి 50 గ్రాముల పటిక. ఎంత కావాలో పూల్‌లో కాదు, 20 లీటర్ల బకెట్‌లో ఒక గ్రాము కలిపి చూసుకోండి. పటికను వేరే బకెట్‌లో కరిగించి, పూల్ అంతా చల్లి, కలియబెట్టి, ఒక రోజు కదపకుండా వదిలేయండి. అడుగున పేరుకున్న బురదను వాక్యూమ్ పైపుతో నేరుగా బయటికే పంపాలి. ఫిల్టర్ గుండా పంపితే దానిలోని ఇసుక ముద్ద కడుతుంది. తగ్గిన నీళ్లను వెంటనే నింపుకోండి.

ఆ తర్వాత పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత. పటిక వేశాక అది పడిపోతుంది, సోడా యాష్‌తో 7.2, 7.4 మధ్యకు తెచ్చుకోండి. అప్పుడు క్లోరిన్ బాగా పనిచేస్తుంది. మొదటి మోతాదు 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) అనుకుంటే మా 43 వేల లీటర్లకు 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 660 గ్రాములు పడుతుంది. మామూలు బ్లీచింగ్ పౌడర్ అయితే కిలోన్నర దాకా. బురద నీళ్లు క్లోరిన్‌ను తాగేస్తాయి. రెండో రోజు కొలిస్తే సున్నా చూపించొచ్చు, మళ్లీ వేయాలి. వేసేది సూర్యుడు దిగాకే, మన ఎండకు పగటిపూట వేసింది ఆవిరైనట్టే పోతుంది.

ఇక్కడ మూడు విషయాల్లో నేను ఎవరి మాటా వినను. పొడిని నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్, యాసిడ్ ఒకే బకెట్‌లో, ఒకే మగ్గుతో వాడకూడదు, విషవాయువు వస్తుంది. క్లోరిన్ బిళ్లలనూ కాల్షియం హైపోక్లోరైట్ పొడినీ కలపడం అటుంచి, పక్కపక్కన కూడా పెట్టకూడదు, చెమ్మ తగిలితే అంటుకుంటాయి. వరదలో తడిసిన డబ్బాలుంటే వాటిని వాడదామనే ఆలోచన వదిలేయండి.

మోటర్ వచ్చాక దాని ముందు చెత్త ఆపే స్ట్రెయినర్ బుట్ట కడిగి, నీళ్లు నింపి, గాలి పోయాకే స్విచ్ వేయండి. ఫిల్టర్ మీది పిడి తిప్పాలంటే ప్రతిసారీ మోటర్ ఆపాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు చిరుగుతుంది. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటికన్నా ఒత్తిడి గేజ్ ముల్లు 8, 10 పీఎస్ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగండి. మొదటి వారం రోజుకు రెండుసార్లు పడుతుంది. ఆ నీళ్లు ఎటు వదులుతున్నారో చూసుకోండి. "నా పత్తి చేన్లకు ఇడువకు" అని తాత ముందే చెప్పాడు, ఆయన అన్నది న్యాయమే. క్లోరిన్ నీళ్లు చెరువు చేపలకూ చేటే.

మోటర్ రావడానికి ఆలస్యమైతే పూల్‌ను అలాగే వదిలేయొద్దు. వారం పది రోజుల్లో దోమలు గుడ్డు నుంచి రెక్కల దాకా వస్తాయి, డెంగీ కాలం అది. బకెట్‌తో క్లోరిన్ చల్లి, పొడవాటి కర్రతో కలుపుతూ ఉండండి. చుట్టూ అడ్డు కట్టండి. అడుగు కనిపించని నీళ్లలో పిల్లాడు పడితే పైనున్నవాళ్లకు తెలియదు.

పగులు సంగతి. నీళ్లు తగ్గుతున్నాయా అన్నది బకెట్‌తో తెలుసుకోవచ్చు. పూల్ మెట్టు మీద బకెట్ పెట్టి, బయటి మట్టానికి సమంగా లోపల నీళ్లు నింపి, రెండు చోట్లా గీత గీయండి. మోటర్ ఆపి ఉంచాలి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా దిగితే ఎండకు పోయినవే. పూల్‌లో ఎక్కువ దిగితే కారుతోంది. పగులు దగ్గర సిరా చుక్క వదిలితే లోపలికి లాగుతుందో లేదో కనిపిస్తుంది. పెన్సిల్ గీతంత పగుళ్లను నీళ్లలోనే గట్టిపడే ఎపాక్సీ జిగురుతో తాత్కాలికంగా మూయొచ్చు. వేలి గోరు దూరేంత పగులైతే మేస్త్రీ కన్నా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. తవ్వి, నింపి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, టైల్స్ వేసే పెద్ద పని మాత్రం బావులు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకోండి. "ఇప్పుడే రెండు రోజుల్ల చేసిస్త అన్నా" అని మా దగ్గరికీ ఒకరొచ్చారు. సిమెంటుకు క్యూరింగే కనీసం వారం కావాలి, రెండు రోజుల్లో ఎలా చేస్తాడో ఆయనే చెప్పలేకపోయాడు.

పిల్లలను దింపే ముందు లోతు వైపు పది రూపాయల బిళ్ల వేయండి. గట్టు మీద నిలబడి చూస్తే స్పష్టంగా కనిపించాలి. డ్రైన్ మీది జాలి కదలకుండా, విరగకుండా ఉండాలి, వదులైన జాలి జుట్టునూ వేళ్లనూ లాగి పట్టుకుంటుంది. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్యకు దిగాలి, పీహెచ్ 7.8 దాటకూడదు. మా బిళ్ల కనిపించడానికి పదకొండు రోజులు పట్టింది. రెండడుగుల పగులు ఎపాక్సీ పూతతో ఇంకా అలాగే ఉంది, తాత బావిలో నీళ్లు ఇంకో పదడుగులు దిగాలి.