చూపు నేర్పే పెన్సిల్, 5వ పాఠం: మహాబలిపురంలో ఒక ఆవు

గత ఆదివారం ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు కూర్చున్నాం. తామరపువ్వు పతకాన్ని ఇంటి దగ్గర ఐదుసార్లు గీయమన్నాను. గీసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది: ఆ శిల్పుల గీత చాలా సన్నం. పల్నాటి సున్నపురాయి మెత్తన, ఉలి మాట వింటుంది. అందుకే దండలో పూసలు కూడా లెక్కపెట్టగలిగాం. ఈ పాఠంలో రాయి మారుతోంది. మహాబలిపురంలో ఉన్నది గ్రానైట్. అది అంత తేలిగ్గా లొంగదు. అక్కడి శిల్పులు నగలు తగ్గించి, ఒంటి ఒంపు మీద, నిలబడిన తీరు మీద శ్రద్ధ పెట్టారు. మన పెన్సిల్ కూడా ఈ వారం పూసలు వదిలేసి ఒంపు పట్టుకోవాలి.

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లం మహాబలిపురాన్ని చుట్టాలు వచ్చినప్పుడు చూపించే ఊరుగానే ఎరుగుదుం. కారు దిగడం, ఫొటో, మళ్లీ కారు. నేనూ చాలా ఏళ్లు అలాగే వెళ్లాను. ఒకసారి అక్కడి పెద్ద శిల్పాల బండ గురించి మా అక్క కూతురు "ఆ బండ మీద పిల్లి ఉందటగా పిన్నీ, ఎక్కడ?" అని అడిగితే చెప్పలేకపోయాను. అన్నిసార్లు ఆ బండ ముందు నిలబడి నేను ఏం చూసినట్టు? ఆ ప్రశ్న దగ్గరే ఈ పాఠాలు మొదలయ్యాయి.

బయలుదేరే ముందు

ఒక 2బి పెన్సిల్, గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం, మంచినీళ్లు, టోపీ. రబ్బరు తీసుకురావద్దు. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే చెయ్యి నేర్చుకుంటుంది, చెరిపేస్తే నేర్చుకోదు.

తిరువాన్మియూరులో పొద్దున్నే బయలుదేరండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద గంటా గంటన్నర ప్రయాణం. తెల్లారే వెళ్లమనడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. అర్జునుడి తపస్సు అని పిలిచే పెద్ద బండ తూర్పుకు తిరిగి ఉంది. ఉదయం వెలుగు దాని మీద నేరుగా పడుతుంది, మధ్యాహ్నం దాటితే మొత్తం నీడలోకి పోతుంది. ఉబ్బెత్తు శిల్పానికి వెలుగే ప్రాణం. ఏడింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి అదే బొమ్మను చూడండి. ముక్కు కింద, మోచేతి కింద నీడ ఎంత మారిందో గమనించండి.

మొదటి అభ్యాసం: పెన్సిల్ తీయకుండా పది నిమిషాలు

బండ దాదాపు 30 మీటర్ల పొడవు. నిజానికి అది రెండు బండలు, మధ్యలో సహజంగా ఏర్పడ్డ చీలిక. ఆ చీలికలో నాగరాజు, నాగిని చేతులు జోడించి పైకి వస్తున్నారు. ఎడమ వైపు ఒంటికాలి మీద, చేతులు పైకెత్తి, ఎముకలు తేలిన తపస్వి. పక్కన వరమిస్తున్న శివుడు. ఆ తపస్వి పాశుపతం కోసం నిలబడ్డ అర్జునుడని కొందరు, గంగ కోసం నిలబడ్డ భగీరథుడని కొందరు అంటారు. చీలిక పైన నీళ్లు నిలవ చేసే తొట్టిలాంటిది కట్టిన ఆనవాళ్లు ఉన్నాయి. అక్కణ్ణుంచి నీళ్లు వదిలితే నాగుల మీదుగా గంగ దిగినట్టే కనిపించేది. నా మనసు భగీరథుడి వైపే మొగ్గుతుంది. మీరు చీలికను చూసి మీ నిర్ణయం మీరు తీసుకోండి.

పది నిమిషాల పాటు ఏమీ గీయకండి. కళ్లను ఒక చివర నుంచి మెల్లగా నడిపించండి. అందరూ ఎటు చూస్తున్నారు? దేవతలు, కిన్నరులు, వేటగాళ్లు, సింహాలు, అందరి కదలికా చీలిక వైపే. తర్వాత కింద పెద్ద ఏనుగు దగ్గరికి రండి. దాని ముందు కాళ్ల దగ్గర, వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు నెత్తి మీదికి ఎత్తి ఒక పిల్లి తపస్సు చేస్తోంది. చుట్టూ ఎలుకలు. పైన ఉన్న తపస్వి భంగిమనే పిల్లి చేత కూడా పట్టించాడు శిల్పి. దొంగజపాన్ని ఇంతకంటే స్పష్టంగా రాతిలో చెప్పినవాళ్లను నేను ఎరగను. ఎడమ బండ మీద కింది వైపు ఒక జింక వెనక కాలితో ముక్కు గోక్కుంటూ ఉంటుంది. అది దొరికితే మీ పది నిమిషాలూ వృథా పోలేదన్నమాట.

రెండో అభ్యాసం: ఆవు

ఈ రోజు మనం నిజంగా గీయబోయేది పెద్ద బండ మీద లేదు. దాని పక్కనే ఉన్న కృష్ణ మండపంలో ఉంది. ముందున్న స్తంభాల మండపం తర్వాతి కాలంలో కట్టింది. దానివల్ల లోపల నీడగా ఉంటుంది, ఎండ ముదిరాక కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

లోపల గోడ మీద కృష్ణుడు చెయ్యెత్తి గోవర్ధనాన్ని మోస్తున్నాడు. కొండ ఎత్తిన ఆ గందరగోళం మధ్యలో ఒక గొల్లవాడు గొంతుక్కూర్చుని ఆవును పితుకుతున్నాడు. ఆవు తల వంచి దూడను నాకుతోంది. పైన కొండ వేలాడుతున్నా పాలు పితకడం ఆగలేదు, దూడను నాకడం ఆగలేదు. కృష్ణుడి మీద ఆ ఊరికి ఎంత ధీమా ఉందో శిల్పి ఆ ఆవు చేత చెప్పించాడు. నేను ఈ బొమ్మ దగ్గర ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను.

గీసే వరుస ఇది. ముందు ఆవు వెన్ను. మూపురం నుంచి తోక మొదలు దాకా ఒకే గీత, పెన్సిల్ ఎత్తకుండా, కళ్లు బొమ్మ మీదే ఉంచి. కాగితం వైపు చూడాలనిపిస్తుంది, చూడకండి. రెండోది మెడ గీత. వెన్ను గీత మొదలుపెట్టిన మూపురం దగ్గర నుంచే బయలుదేరి దూడ ఒంటి దగ్గరికి దిగాలి. ఈ రెండు గీతలూ కుదిరితే ఆవు వచ్చేసినట్టే. కాళ్లు, గంగడోలు, చెవి ఆ తర్వాత. మూడోది దూడ. దూడను విడిగా గీయకండి. ఆవు నాలుక తాకే చోట మొదలుపెట్టి అక్కణ్ణుంచి బయటికి వెళ్లండి. తల్లీ బిడ్డా ఒకే గీతలో ఉండాలి. చివరగా పితికేవాడి వంగిన వీపు. అది ఆవు పొట్ట గీతకు ఎదురుగా నిలబడే ఇంకో ఒంపు.

మొదటిసారి ఆవు గేదెలా వస్తుంది, ఫరవాలేదు. మూడుసార్లు గీయండి. మా బృందంలో పెరంబూరు నుంచి వచ్చే ఒక పెద్దాయన రైల్వేలో రిటైరయ్యారు, అంతకుముందు ఎప్పుడూ పెన్సిల్ పట్టలేదు. మూడో బొమ్మ దగ్గర ఆయన ఆగి, "మా ఊళ్లో ఆవు కూడా ఇలాగే మెడ తిప్పేదమ్మా, యాభై ఏళ్లయింది, ఇప్పుడు గుర్తొచ్చింది" అన్నారు. ఆయన గీసిన మెడ ఆ రోజు మా అందరిలోకీ బాగా వచ్చింది.

ఐదు రథాలు: కప్పులు మాత్రమే

రథాలని పిలిచే ఈ రాతి గుడులు నిజానికి రథాలూ కావు, పాండవులతో సంబంధమూ లేదు. పేర్లు తర్వాత వచ్చినవి. ద్రౌపది, అర్జున, భీమ, ధర్మరాజ రథాలు నాలుగూ ఒకే రాతి గుట్టను వరుసగా తొలిచి చేసినవి. ఇక్కడ ఒక్కొక్క కప్పుకు రెండు నిమిషాలు చాలు. ద్రౌపది రథం కప్పు అచ్చం మన పూరిల్లు. భీమ రథం గూడుబండి. నకుల సహదేవ రథం వెనక భాగం ఏనుగు వీపు, శాస్త్రం దాన్ని గజపృష్ఠం అంటుంది. అర్థం కానివాళ్ల కోసమేనా అన్నట్టు పక్కనే నిజంగా ఒక రాతి ఏనుగు నిలబడి ఉంది. కర్రతో, గడ్డితో కట్టుకున్న ఇళ్లను రాతిలోకి దించారు.

ధర్మరాజ రథం కింది అంతస్తు చూడండి, పూర్తి కాలేదు. పైన పనంతా నగిషీ, కింద మోటు రాయి. పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. సగం గీసి వదిలేసిన మీ బొమ్మలు చింపేయకండి, పని ఎలా నడిచిందో అవే చెబుతాయి.

టికెట్టు సముద్రతీర ఆలయానికి, రథాలకు కలిపి ఒకటే, పారేయకండి.

ఉలి చప్పుడు

ఊళ్లో రోడ్ల వెంట శిల్పుల షెడ్లు ఉన్నాయి. ప్రభుత్వ శిల్ప కళాశాల 1957 నుంచి ఇక్కడే ఉంది. కన్యాకుమారిలో 133 అడుగుల తిరువళ్లువర్ విగ్రహానికి రూపమిచ్చిన వి. గణపతి స్థపతి ఆ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. కోత మిషన్ల దుమ్ము ఎక్కువగా ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పని ఆపించకుండా పక్కన నిలబడి అడిగితే చాలామంది ఓపిగ్గా చెబుతారు. భాష రాకపోయినా ఫరవాలేదు, ఉలి వాళ్లకీ ఉలే, మనకీ ఉలే. ఒకాయన నా ముందు రెండు రాళ్ల మీద సుత్తితో తట్టారు. ఒకటి గంటలా ఖంగుమంది, రెండోది మొద్దుగా పలికింది. గంటలా మోగేది పురుష శిల, కాస్త మెత్తగా పలికేది స్త్రీ శిల, అసలు పలకనిది విగ్రహానికి పనికిరాదు. శిల్పశాస్త్రం చెప్పే ఈ పరీక్ష ఇప్పటికీ చెవితోనే జరుగుతోంది. మీరూ వినండి.

భోజనం

బీచికి దగ్గర్లో ఒత్తవాడై వీధి నిండా హోటళ్లే. చేపలు చూపించి ఎంచుకోమంటారు. బరువు, ధర ముందే మాట్లాడుకోండి. మనకు తెలిసిన చేపలే, పేర్లే వేరు. చందువను వవ్వాల్ అంటారు. నెత్తళ్లు నెత్తిలి, పీతలు నండు, రొయ్యలు ఇరా. వంజరం మాత్రం వంజిరమే, పెద్దగా మారలేదు. నా ఓటు నెత్తిలి వేపుడుకే. కరకరలాడుతూ వేడిగా ఉన్నప్పుడే తినాలి, నిమ్మకాయ పిండుకుని, పక్కన సాంబారన్నం పెట్టుకుని. శాకాహారులకు సాయంత్రం ఇసుకలో తిరిగే సుండల్ ఉంది. మన గుగ్గిళ్లే, కాకపోతే పచ్చి కొబ్బరి, పుల్ల మామిడికాయ ముక్కలు పడతాయి. వేసవిలో వెళ్తే ఈసీఆర్ పొడుగునా తాటిముంజలు అమ్ముతారు, నుంగు అని అడగండి.

సముద్రం ముందు

తీరంలోని ఆలయాన్ని రాజసింహ పల్లవుడు 8వ శతాబ్దం మొదట్లో రాళ్లు పేర్చి కట్టించాడు. ఇక్కడ వివరాలు గీయాలని చూడకండి, ఉప్పుగాలి ఎప్పుడో వాటిని తినేసింది. గోడల మీది సింహాలు సబ్బుబిళ్లల్లా అరిగి నున్నగా ఉన్నాయి. గాలిని అడ్డుకోవడానికి సరుగుడు చెట్లు పెంచారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇసుక కోసుకుపోయి, అంతదాకా కప్పబడిపోయిన చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. రెండు శిఖరాల మధ్య కనిపించే ఆకాశం ఆకారాన్ని గీయండి. గుడి దానంతటదే వస్తుంది. నీళ్లలో చీలమండల దాకానే దిగండి. ఈ తీరంలో లాగుడు ఎక్కువ, ఈత వచ్చినవాళ్లకూ ప్రమాదమే.

తిరుగు దారిలో గ్యాలరీ

ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే పాతకాలపు ఇళ్ల మ్యూజియం ఉంది, మంగళవారం సెలవు. టైం ఉంటే అక్కడి కోస్తా ఆంధ్ర గుండ్రటి పూరిల్లు చూడండి. పొద్దున రాతిలో చూసిన ఇంటి కప్పుకు చుట్టం అది. టైం లేకపోతే నేరుగా ఇంజంబాక్కం వచ్చేయండి, చోళమండలం కళాకారుల గ్రామాన్ని మాత్రం వదలకండి.

1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు, మిత్రులు కలిసి దీన్ని మొదలుపెట్టారు. బొమ్మలు అమ్ముడుపోయే రోజులు కావవి. బాతిక్ (మైనంతో అద్దకం వేసిన) బట్టలు, చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో స్థలం కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. గ్యాలరీలో అన్నీ చూడాలని పెట్టుకోకండి. ఒక్క చుట్టు తిరిగి, కాళ్లు ఎక్కడ ఆగాయో అక్కడికి తిరిగి వచ్చి నిలబడండి. పణిక్కర్ చివరి కాలపు చిత్రాల్లో జాతకచక్రాల్లాంటి గడులు, చదవడానికి వీల్లేని అక్షరాలు కనిపిస్తాయి. అర్థం వెతక్కుండా గీత వెంట వెళ్లండి, ఆవు వెన్ను వెంట వెళ్లినట్టే. నందగోపాల్ లోహ శిల్పాలు ఎక్కువగా ఎదుట నిలబడి చూడాల్సినవి. వాటి ముందు నిలబడితే పొద్దున్నటి పెద్ద బండ గుర్తుకు రావాలి. వస్తే పాఠం ఒంటబట్టినట్టే.

వచ్చే వారానికి

పుస్తకం తెరవకుండా, ఫోనులో ఫొటో చూడకుండా, ఆవునూ దూడనూ జ్ఞాపకం నుంచి ఒకసారి గీయండి. గీశాక అక్కడ గీసుకున్న మూడు బొమ్మల పక్కన పెట్టి, మెడ గీత ఎక్కడ తేడా వచ్చిందో చిన్న గుర్తు పెట్టండి. 6వ పాఠంలో ఆ గుర్తుల దగ్గరే మొదలుపెడదాం. రంగులు అప్పుడే కొనవద్దు.