చెస్ ఇంజిన్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఆన్‌లైన్‌లో చదరంగం నేర్పేవారికి ఇంజిన్ (మంచి ఎత్తులను లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్) తెచ్చిపెట్టే చిక్కుల్లో చాలావరకు దాని లెక్కలో తప్పు వల్ల వచ్చేవి కావు. ఇంజిన్‌కూ, బోర్డును చూపే ప్రోగ్రామ్‌కూ, మనం అడిగిన ప్రశ్నకూ పొత్తు కుదరకపోవడమే వాటికి మూలం.

ఇంజిన్‌ను తెరిస్తే నల్లని తెర తప్ప ఏమీ కనిపించదు

అది చెడిపోయిందని అనుకోనక్కరలేదు. స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్లకు సొంత బోర్డు ఉండదు. 2000లో వెలువడిన యూసీఐ అనే పద్ధతిలో అవి ఎత్తులను అక్షరాల రూపంలో ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ తెరలోనే యూసీఐ (uci) అన్న మూడు ఆంగ్ల అక్షరాలను చిన్న అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ నొక్కితే, చివరి వరుసలో 'యూసీఐఓకే' అన్న జవాబు రావాలి. వస్తే ఇంజిన్ క్షేమమే కనుక అరీనా, క్యూట్ చెస్ వంటి ప్రోగ్రామ్‌లో దానిని చేర్చుకుంటే చాలు. తెర వెంటనే మూసుకుపోతే, ఏవీఎక్స్2 వంటి ఆదేశాలు తెలియని పాత ప్రాసెసర్ మీద వాటితో తయారైన ఫైలును నడుపుతున్నారేమో చూసి, పాత ప్రాసెసర్లకు తగిన ఫైలును దించుకోవాలి.

చెస్960లో కాస్లింగ్ చేయబోతే ఎత్తు చెల్లదంటుంది

బాబీ ఫిషర్ 1996లో ప్రకటించిన ఈ ఆటలో వెనుక వరుస పావులను 960 విధాలుగా అమర్చవచ్చు; మనకు అలవాటైన అమరిక వాటిలో 518వ సంఖ్యది. మామూలు చదరంగంలో రాజు రెండు గడులు జరిగితే అది కాస్లింగేనని (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి జరగడమని) ఇంజిన్ గ్రహిస్తుంది. చెస్960లో ఆ గుర్తు పనికిరాదు. ఉదాహరణకు తెల్ల రాజు ఎఫ్1లోను, ఏనుగు హెచ్1లోను ఉన్నాయనుకుంటే, రాజు జీ1కి ఒక గడి జరిగినా, కాస్లింగ్ చేసినా రాతలో రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకని ఈ ఆటలో రాజు తన ఏనుగునే పట్టుకున్నట్టు, అంటే ఎఫ్1 నుంచి హెచ్1కి వెళ్లినట్టు, కాస్లింగ్‌ను రాస్తారు. ఇంజిన్ ఆప్షన్లలో 'యూసీఐ చెస్960' ఆన్ అయి ఉండాలి. బోర్డు ప్రోగ్రామ్‌లోనూ ఆట రకాన్ని అలాగే ఎంచుకోవాలి. ఒకవైపే మార్చి ఇంజిన్‌ను తిట్టుకునేవారే ఎక్కువ.

ఇతర రకాల ఆటల్లో సలహాలు అర్థంలేకుండా ఉంటాయి

త్రీ-చెక్‌లో రాజుకు ఇప్పటికే రెండు చెక్‌లు పడినా స్టాక్‌ఫిష్ నిశ్చింతగా బంట్లను లెక్కపెట్టుకుంటుంది, ఎందుకంటే మూడో చెక్‌తో ఆట ముగుస్తుందన్న నియమమే దానికి తెలియదు. ఇలాంటి ఆటల నియమాలు తెలిసిన ఫెయిరీ-స్టాక్‌ఫిష్‌ను వాడి, ఆట పేరును ఆప్షన్లలో ఎంచుకోవాలి.

ఒకే స్థితికి గురువు తెర మీద ఒక అంకె, శిష్యుడి తెర మీద మరొకటి

ఎవరిది ఎంత పైచేయో ఇంజిన్ చెప్పే ఈ అంకె, వెర్షన్లు వేరైతే మారడం సహజమే. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1.00 అంటే ఒక బంటు ఆధిక్యం అని కాక, ఇంజిన్ల మధ్య ఆటలో గెలిచే అవకాశం 50 శాతం అన్న అర్థం వచ్చేలా అంకెలను సరిచేశారు. వెర్షన్ ఒకటే అయినా వెతికిన లోతు, హాష్ (ఇంజిన్ తన లెక్కలను గుర్తుంచుకునే మెమరీ) పరిమాణం మారితే ఫలితం మారుతుంది. ఒకటికి మించిన థ్రెడ్లతో (ఒకేసారి సాగే లెక్కల పాయలతో) నడిపితే ఒకే కంప్యూటర్‌లో వరుసగా రెండుసార్లు అడిగినా తేడా రావచ్చు. పోల్చి చూపాలంటే ఒకే వెర్షన్, ఒకే హాష్, ఒకే థ్రెడ్ పెట్టి, హాష్‌ను ఖాళీ చేసి, సమయానికి బదులు నోడ్ల (ఇంజిన్ పరిశీలించే స్థితుల) సంఖ్యను నిర్ణయించాలి. నా మట్టుకు నేను పాఠంలో 0.3 లాంటి తేడాలను అసలు చూపించను. వాటిని పట్టుకుని పిల్లలు ఎత్తు వెనుక ఆలోచనను వదిలేస్తారు.

స్థాయి తగ్గిస్తే పదును, మొద్దుతనం కలగలిసిన ఆట ఆడుతుంది

స్టాక్‌ఫిష్ స్థాయిని తగ్గించడమంటే, దొరికిన మంచి ఎత్తుల్లో అప్పుడప్పుడు తక్కువరకాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోమనడమే. అందువల్ల కొత్త ఆటగాడు చేసే పొరపాట్లు అందులో కనిపించవు. మనుషుల ఆటల మీద శిక్షణ పొందిన మైయా నమూనాలు 1100 నుంచి 1900 రేటింగ్ వరకు ఉన్నాయి. శిష్యుడి స్థాయికి దగ్గరగా ఉన్నదానిని లీలా చెస్ జీరో అనే ఇంజిన్‌లో పెట్టుకుని, నోడ్ల సంఖ్యను 1కే కట్టేయాలి. అంతకుమించి వెతకనిస్తే అదీ మనిషిలా ఆడటం మానేస్తుంది.